పొడిబారిన చర్మము – ఇంటనున్న పూతలు

కార్తికము దాటి మార్గశిరము ప్రవేశించునప్పటికి ఓరుగల్లు ప్రాంతమున గాలి మారును. పగలు ఎండ కాయుచునే ఉండును గాని, తెల్లవారుజామున వీచు గాలిలో తడి ఉండదు. మొదట పిక్కలపై తెల్లని పొట్టు కనబడును. గోటితో గీచినచో బూడిద రంగు గీత పడును. తరువాత పెదవులు పగులును, మడమలు బీటలు వారును. పెద్దలకు రాత్రివేళ దురద నిద్ర పట్టనీయదు. పసిపిల్లల బుగ్గలు గరుకెక్కి ఎర్రబడును. ఆ రోజులలో మా కేంద్రమునకు వచ్చు జాబులలో ఒక ప్రశ్న తప్పక ఉండును: “అంగడిలోని పూతలు మాకు పడుట లేదు. ప్రకృతిసిద్ధమైనది ఏదైన చెప్పుడు. ఏ నూనె మంచిది?”

ఈ ప్రశ్నకు ఒక నూనె పేరు చెప్పి ఊరకుండుట తేలిక. కాని ఆ ఒక్క పేరు ఒకరికి మేలు చేయును, మరొకరికి కీడు చేయును. పూత ప్రకృతిసిద్ధమా కాదా అనునది రెండవ ప్రశ్న. అది చర్మముపై ఏ పని చేయును అనునది మొదటి ప్రశ్న. ఈ మొదటి ప్రశ్నకు సమాధానము తెలిసికొన్నవారు ఏ సీసా ముందర నిలిచినను మోసపోరు.

మన ప్రాంతమువారికి చర్మము సంగతి చెప్పుటకు చెరువును మించిన ఉపమానము లేదు. పాకాల, రామప్ప, లక్నవరము చెరువులు కాకతీయుల నాటివి. ఏడు వందల ఏండ్లు దాటినను నిలిచియున్నవి. వాటికి నీరిచ్చినది వాన. ఆ నీటిని నిలిపినది కట్ట. చర్మమునకును అట్టి కట్ట ఒకటి కలదు. అది చర్మపు పై పొర. మామూలు కాగితము కన్న పలుచనిది. అందులో నిర్జీవమైన కణములు రాళ్ళవలె పేర్చబడి ఉండును. రాళ్ళ నడుమ మట్టివలె కొన్ని కొవ్వు పదార్థములు నిండి ఉండును. శాస్త్రజ్ఞులు వాటికి సెరమైడులు, కొలెస్టెరాలు, కొవ్వు ఆమ్లములు అని పేర్లు పెట్టినారు. ఈ కట్ట గట్టిగా ఉన్నంత కాలము లోపలి తడి బయటకు పోదు. బయటి విషము లోపలికి రాదు.

చర్మము పొడిబారినదనగా ఈ కట్టకు సన్నని గండ్లు పడినవని అర్థము. నీరు ఎక్కువగా త్రాగినచో చర్మము నునుపెక్కునని అందురు. దాహమునకు తగినంత నీరు త్రాగుట మంచిదే. కాని గండి పడిన చెరువులోనికి ఎన్ని కాలువలు మళ్ళించినను నీరు నిలువదు గదా! ముందు గండి పూడ్చవలెను. ఆ గండ్ల గుండనే సబ్బు, దుమ్ము, అత్తరు, సూక్ష్మజీవులు లోపలికి చొచ్చి మంట, దురద కలిగించును. ఇతరులకు ఏమియు చేయని వస్తువు కొందరికి చురుక్కుమనుటకు ముఖ్య కారణము ఇదియే. కొందరికి ఈ బలహీనత పుట్టుకతోనే వచ్చును. ఫిలాగ్రిన్ అను మాంసకృత్తును తయారుచేయు జన్యువులోని లోపమునకును, బాల్యమున వచ్చు తామరవంటి చర్మవ్యాధికిని సంబంధము కలదని 2006లో తేలినది. కావున అట్టి చర్మము గలవారిని “సుకుమారము” అని ఎగతాళి చేయుట న్యాయము కాదు.

గండి పూడ్చుటకు ముందు, గండి కొట్టు పనిని ఆపవలెను. ఆ పని చేయునవి ముఖ్యముగా రెండు: సబ్బు, వేడినీరు. ఆరోగ్యమైన చర్మము కొంచెము పులుపు గుణము కలది. ఆమ్లక్షార ప్రమాణమున దాని అంకె 5కు అటునిటు ఉండును. సామాన్యమైన స్నానపు సబ్బు క్షారగుణము కలది. దాని అంకె 9 లేక 10. సబ్బు మురికితోపాటు రాళ్ళ నడుమనున్న కొవ్వును కూడ కడిగివేయును. బోరుబావి నీరు గట్టినీరైనచో మరియొక చిక్కు కలదు. ఆ నీటిలోని సున్నపు లవణములతో సబ్బు కలిసి, కరగని తెట్టుగా మారి ఒంటికి అంటుకొని ఉండును. పొగలు క్రక్కు వేడినీరు ఆ క్షణమున దురదను అణచినట్లు తోచును గాని, కొవ్వును కరిగించి, గంట గడువకముందే దురదను రెట్టింపు చేయును.

కావున చలికాలమున గోరువెచ్చని నీరు చాలును. పది నిమిషములకు మించి స్నానము వద్దు. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదములకు మాత్రము రాచిన చాలును. చేతులకు, కాళ్ళకు, వీపునకు ప్రతిదినము సబ్బు అక్కరలేదు. మన పెద్దలు వాడిన సున్నిపిండి, పెసరపిండి, శెనగపిండి సబ్బువలె క్షారగుణము కలవి కావు. అయితే పిండి మెత్తగా జల్లెడ పట్టినదై ఉండవలెను. దానిని పలుచగా కలిపి పూసి కడిగివేయవలెనే గాని, నలుగు పెట్టినట్లు రుద్దరాదు. పొట్టు లేచిన చర్మమును పీచుతోను, రాతితోను తోముట కట్టపై గడ్డపార వేయుట వంటిది.

ఇక పూతల సంగతి. లోకములోని పూతలన్నియు, వెల పది రూపాయలైనను వేయి రూపాయలైనను, మూడు పనులలో ఒకటియో రెండో చేయును. కొన్ని నీటిని పట్టి ఉంచును: గ్లిసరిను, కలబంద గుజ్జు, తేనె ఈ జాతివి. కొన్ని పొరల నడుమ సందులను నింపి మెత్తపరచును: నూనెలు, వెన్న, నెయ్యి ఈ జాతివి. కొన్ని పైన మూతవలె నిలిచి తడిని ఆవిరి కానీయవు: తేనెమైనము, గొర్రె ఉన్ని నుండి తీయు లానొలిను, అంగడిలో దొరకు వాజిలైను ఈ జాతివి. వాజిలైనుకు 1872లో అమెరికాలో ఛీజ్‌బ్రో అను రసాయనజ్ఞుడు హక్కుపత్రము పొందినాడు. అది చెట్టు నుండి వచ్చినది కాదు, భూమిలోని రాతి నూనె నుండి శుద్ధి చేసి తీసినది. అయినను సున్నితమైన చర్మము దానిని ఎదిరించుట మిక్కిలి అరుదు. లానొలిను ప్రకృతిసిద్ధమైనదే, కాని కొందరికి అది పడదు. “ప్రకృతిసిద్ధము” అను ఒక్క మాటను పట్టుకొని ఎన్నుకొన్నచో తప్పు జరుగునని చెప్పుటకు ఈ రెండే చాలును.

నూనెలలో తేడాలు కలవు. నూనెలోని కొవ్వు ఆమ్లములలో లినోలెయిక్ అనునది చర్మపు కట్టను బలపరచును. ఒలెయిక్ అనునది మితిమీరినచో కట్టను వదులు చేయును. కుసుమనూనెలోను, పొద్దుతిరుగుడు నూనెలోను మొదటిది మెండు. నువ్వులనూనెలో రెండును దాదాపు సమపాళ్ళలో ఉండును. ఆలివు నూనెలో రెండవది చాల ఎక్కువ. ఇంగ్లండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయపు పరిశోధకులు కొందరి చేతులకు కొన్ని వారములపాటు ఈ నూనెలు పూయించి చూచినారు. ఆలివు నూనె పూసిన చోట చర్మపు కట్ట బలహీనపడినది, కొంత ఎర్రదనమును కలిగినది. పొద్దుతిరుగుడు నూనె పూసిన చోట కట్ట చెడలేదు. ఈ ఫలితములు 2013లో వెలువడినవి. దూరదేశమునుండి తెచ్చి ఎక్కువ వెలకు అమ్ము నూనెకన్న, మన దక్కను చేలలో పండు కుసుమల నూనె పొడిచర్మమునకు తగినదగుట గమనింపదగిన విషయము.

కొబ్బరినూనె వేరొక తరగతికి చెందినది. దానిలో లారిక్ ఆమ్లము అధికము. అది కొన్ని సూక్ష్మజీవులను అణచును. ఫిలిప్పీన్సు దేశమున తామరవంటి వ్యాధి గల పిల్లలకు ఎనిమిది వారములు పచ్చి కొబ్బరినూనెను, మరికొందరికి ఖనిజ నూనెను పూసి పోల్చినారు. కొబ్బరినూనె పూసిన పిల్లలలోనే ఎక్కువ గుణము కనబడినదని 2014లో ప్రకటించినారు. అయితే మొటిమలు వచ్చు ముఖమునకు అది తగదు. ఆముదము చిక్కనిది. పూర్వము తెలంగాణమున ఆముదపు పంట విస్తారముగా ఉండెడిది. ఇప్పుడు దేశమున గుజరాతుదే పెద్ద పాలు. మడమల పగుళ్ళకు, మోచేతులకు ఆముదము మంచి మూత. ఒళ్ళంతటికి పూయదలచినచో మరియొక నూనెతో కలిపి పలుచన చేయవలెను. ఏటూరునాగారము, తాడ్వాయి అడవులలోని కోయగూడెములలో ఇప్పగింజల నూనెను వంటకును, దీపమునకును, ఒంటికిని వాడుట పాత అలవాటు. చలికి అది వెన్నవలె గడ్డకట్టును. ఆ గుణమే దానిని పగుళ్ళపై నిలువజేయును.

పసిబిడ్డల విషయమున మరింత జాగ్రత్త వలెను. ఢాకా నగరపు ఆస్పత్రిలో, నెలలు నిండక పుట్టిన శిశువులకు పొద్దుతిరుగుడు నూనెను మృదువుగా పూసి పరీక్షించినారు. పూత లేని శిశువులతో పోల్చినచో వీరికి ఆస్పత్రిలో అంటువ్యాధులు సోకుట సుమారు 40 శాతము తగ్గినదని 2005లో లాన్సెట్ పత్రిక ప్రచురించినది. చర్మపు కట్ట ప్రాణమును కాపాడుననుటకు ఇంతకన్న నిదర్శనము వేరే లేదు. అయితే అది వైద్యుల పర్యవేక్షణలో జరిగినది. ఆరోగ్యముగా నున్న శిశువులకు నిత్యము పూతలు పూసినంత మాత్రమున తామర రాకుండ ఆగదని బ్రిటనులో జరిగిన పెద్ద పరిశోధన ఒకటి 2020లో తెలిపినది. కావున చర్మము పొడిగా నున్న బిడ్డకు పూత అవసరము; నునుపుగా నున్న బిడ్డకు అలవాటు కొరకు అదేపనిగా రుద్దుట అవసరము కాదు. ఆవనూనె పసివారి చర్మమునకు ఘాటు. గరుకెక్కి చెమ్మ ఊరుచున్న చర్మముపై పల్లినూనె పూయరాదు. పల్లినూనె గల పూతలు వాడిన శిశువులలో తరువాత పల్లీలు పడకపోవుట ఎక్కువగా కనబడినదని బ్రిటనులో జరిగి 2003లో వెలువడిన పరిశోధన చెప్పుచున్నది. కర్పూరము కలిపిన నూనె చంటిబిడ్డలకు ప్రమాదకరము. అది లోనికి ఇంకి మూర్ఛలు తెప్పింపగలదు.

ఇచట ఒక మాట విప్పి చెప్పవలెను. చాకలివారు బట్టలపై గుర్తు పెట్టుటకు వాడిన జీడిగింజ రసము ప్రకృతిసిద్ధమే. అది ఒంటికి తగిలిన బొబ్బలెక్కును. కంచెలపై ప్రాకు దూలగొండి కూడ ప్రకృతి ప్రసాదమే. దాని నూగు తగిలినవానికి కలుగు బాధ మన పల్లె పిల్లలందరికి తెలియును. అట్లే నిమ్మరసము, వెల్లుల్లి ముద్ద, లవంగ నూనె, చిక్కని వేపాకు ముద్ద పొడిబారిన ముఖమునకు మేలు చేయవు. నిమ్మరసము పూసికొని ఎండలోనికి పోయినచో మచ్చలు పడును. కలబంద మంచిదే, కాని మట్టను కోసిన వెంటనే కారు పసుపుపచ్చని పాలు చర్మమును రేపును. మట్టను కొంతసేపు నిలువుగా ఉంచి, ఆ పాలు కారిపోయిన పిదప కడిగి, లోపలి తెల్లని గుజ్జును మాత్రమే తీయవలెను. గ్లిసరినును నేరుగా పూయరాదు. నీరు కలిపి పూసి, పైన నూనె మూత వేయవలెను. లేనిచో పొడిగాలిలో అది చర్మపు లోతట్టు తడినే పైకి లాగును.

ఓరుగల్లు మాట చెప్పునప్పుడు ఏనుమాముల మార్కెటును మరువరాదు. మిరపకాయల కాలమున అచట బస్తాలు మోయువారికిని, ఇండ్లలో తొడిమలు తీయు స్త్రీలకును చేతుల మంట నిత్యానుభవము. మిరపలోని మంట పుట్టించు పదార్థము నీటిలో కరగదు, నూనెలో కరగును. కావున పని ముగిసిన తరువాత ముందు చేతులకు వంటనూనె బాగుగా రాచి, గుడ్డతో తుడిచి, ఆ పిమ్మట కొద్దిపాటి సబ్బుతో కడిగికొనవలెను. చేతుల తడి ఆరకముందే మరల పలుచగా నూనె పూయవలెను. కన్నుల దగ్గరకు ఆ చేతులు పోనీయరాదు. పనికి పోవుటకు ముందు పగుళ్ళపై పూత వేసి, చేతి తొడుగులు ధరించినచో మరియు మేలు. ఈ జాగ్రత్తకు అగు ఖర్చు స్వల్పము; దానివలన నిలుచునది ఆ చేతుల కూలి.

పూత ఎంత మంచిదైనను పూయవలసిన వేళ ఒకటి కలదు. స్నానము చేసి, మెత్తని గుడ్డతో ఒత్తి తుడిచి, ఒంటిపై ఇంకను చెమ్మ ఉండగనే, మూడు నిమిషములలోగా పూయవలెను. అప్పుడు ఆ చెమ్మయే మూత క్రింద నిలుచును. ఎండిపోయిన ఒంటికి పూసిన నూనె సగము పనియే చేయును. రోమములు పడుకొను దిశగా, రుద్దక, జారవిడుచునట్లు పూయవలెను. నూనె పూసిన పాదములతో వృద్ధులు నునుపు గచ్చుపై నడువరాదు. నూనె ఇంకిన బట్టలతో పొయ్యి దగ్గరకు పోరాదు. అవి త్వరగా అంటుకొనును.

క్రొత్త పూతను మోచేతి మడత లోపలి వైపున రూపాయి బిళ్ళంత మేర మాత్రము, దినమునకు రెండుసార్లు, వారము దినములు పూసి చూడవలెను. ఎర్రదనము, దురద లేనిచో ఒంటికి వాడవచ్చును. ఒకేసారి రెండు క్రొత్త వస్తువులు వాడినచో ఏది పడలేదో తెలియదు. నూనె తాజాదై ఉండవలెను. వాసన మారినదానిని దీపమునకు వాడుకొనుడు. పరిమళము కలిపినది సున్నితమైన చర్మమునకు వద్దు.

ఇంట చేసికొనదగిన పూత ఒకటి చెప్పెదను. కుసుమనూనె గాని నువ్వులనూనె గాని 80 గ్రాములు, శుభ్రమైన తేనెమైనము 20 గ్రాములు తీసికొని, ఒక గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీటి పాత్రలో నుంచి కరిగించవలెను. కరిగిన పిదప దించి, చల్లారువరకు కలియబెట్టి, పొడిగానున్న సీసాలో పోయవలెను. నీటిచుక్క తగులరాదు. నీరు లేనిచోట సూక్ష్మజీవులు పెరుగుట కష్టము. ఈ కారణముచేతనే మీగడ, పెరుగు, కలబంద కలిపిన ఇంటి పూతలను నిలువ ఉంచరాదు; ఆనాటిది ఆనాడే వాడి పారవేయవలెను. పగిలి రక్తము చిమ్మిన చోట మీగడ పూయరాదు.

అంగడిలో “మూలికలతో చేసినది, వారములో తెల్లబరచును” అని అమ్ము పూతల పట్ల మెలకువ వహింపుడు. అట్టివాటిలో కొన్నింట చెప్పకుండ స్టెరాయిడులు కలుపుట కలదు. మొదట చర్మము మాయగా నునుపెక్కును. నెలలు గడచిన పిదప పలుచబడి, ఎర్రని నరములు తేలి, మానినచో మంట పుట్టును. స్టెరాయిడు పూతలలో 14 రకములను వైద్యుని చీటీ లేక అమ్మరాదని కేంద్ర ప్రభుత్వము 2018లో ఉత్తరువు చేసినది. వైద్యుడు చెప్పిన కాలమునకు, చెప్పిన మేరకు వాడిన స్టెరాయిడు మందే. ఎవరికో ఇచ్చిన గొట్టమును మనము వాడుట మాత్రము తగదు.

చివరకు, ఇంటి పూత ఆగవలసిన హద్దులు. చెమ్మ ఊరి పసుపుపచ్చని పక్కు కట్టినను, జ్వరము వచ్చినను, దురదచే రాత్రులు నిద్ర లేకున్నను వైద్యుని వద్దకు పోవలెను. మధుమేహము గలవారి పాదమునకు చిన్న పగులు వచ్చినను నిర్లక్ష్యము చేయరాదు. ఒళ్ళంతయు పొడిబారుటతోపాటు బడలిక, బరువు పెరుగుట ఉన్నచో థైరాయిడు పరీక్ష చేయించవలెను. ఒకేచోట పాలిపోయిన పొడిమచ్చ ఉండి, అచట స్పర్శ తెలియకున్నచో అది కుష్ఠు కావచ్చును. దానికి ప్రభుత్వ వైద్యశాలలలో మందులు ఉచితముగా ఇచ్చెదరు. త్వరగా మొదలుపెట్టినచో అంగవైకల్యము రాదు. నూనె పూసికొనుచు ఆ మచ్చను దాచిన ప్రతి నెలయు నష్టమే. మన నగరమున 1959లో స్థాపితమైన కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధమైన ఎం.జి.ఎం. ఆస్పత్రిలో చర్మవ్యాధులకు వైద్యులు కలరు. అచటికి పోవుటకు సిగ్గుపడవలసినది ఏమియు లేదు.

ఏటికేడు వానకు ముందు ఊరివారు చెరువు కట్టను చూచి, మట్టి జారిన చోట సరిచేసెదరు. ఈ చలికాలమున మీ ఇంట ముసలివారి పిక్కలను, చంటివారి బుగ్గలను, కష్టించువారి అరచేతులను అట్లే ఒకసారి పరికింపుడు. సబ్బు తగ్గింపుడు, నీటి వేడి తగ్గింపుడు, చెమ్మ ఆరకముందే పడిన నూనెను పలుచగా పూయుడు. వెల లేని ఈ మూడు పనులును నెరవేరిన తరువాతనే క్రొత్త సీసా కొనుటను గూర్చి ఆలోచింపుడు.